కారులో యాంప్లిఫయర్ బిగించుకోవడం ఎలా: బ్యాటరీ దగ్గర్నుంచి గెయిన్ దాకా

కారులో మంచి యాంప్ పడ్డాక పాట ఎలా మారుతుందో ఒక్కసారి విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అప్పటిదాకా ఒకటే గోలగా వినిపించిన చోట గొంతు వేరు, తబలా వేరు, వెనక సన్నగా సాగే వయొలిన్ వేరు అయిపోతాయి. కారుతో వచ్చే స్టీరియోలో ఉండే చిన్న చిప్ ఒక్కో స్పీకర్‌కి నికరంగా ఇవ్వగలిగేది మామూలుగా 15 నుంచి 20 వాట్లే. సౌండ్ పెంచిన కొద్దీ అది ఆయాసపడుతుంది. ఆ బరువును యాంప్ మోస్తుంది.

ఈ పని మీరే చేసుకోవచ్చు. పానా పట్టడం, వైరు ఒలవడం, మల్టీమీటర్‌లో రీడింగ్ చూడడం వస్తే చాలు. ఒక రోజంతా ఖాళీ పెట్టుకోండి. యాంప్ ఏ కంపెనీది, ఎన్ని వాట్లు అనే విషయం మీద అందరూ గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. నేను చూసినంతలో మాత్రం పాట పాడయ్యేదీ, యాంప్ కాలిపోయేదీ, కారుకే ప్రమాదం వచ్చేదీ వైరింగ్ దగ్గరే. అందుకే ఇందులో సగం మాటలు వైర్ల గురించే ఉంటాయి.

ముందు కాగితం మీద లెక్క

డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే అంకెను పట్టించుకోకండి. అది ఒక్క క్షణం అందుకోగలిగే గరిష్ఠ శక్తి. మనకు కావాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే యాంప్ ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. స్పీకర్‌కి కూడా ఆర్‌ఎంఎస్ అంకే చూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి.

ఎక్కువమందికి సరిపోయే అమరిక ఒకటి తీసుకుందాం. నాలుగు ఛానెళ్ల యాంప్, ముందు తలుపుల్లోని స్పీకర్లకు చెరో 60 వాట్లు, వెనక రెండు ఛానెళ్లను బ్రిడ్జ్ చేసి, అంటే రెండిటి శక్తినీ ఒకటిగా కలిపి, సబ్ ఊఫర్ అనే బేస్ స్పీకర్‌కి 180 వాట్లు. మొత్తం 300. బ్యాటరీ నుంచి లాగేది 300 వాట్లే అనుకోకండి, కొంత వేడిగా పోతుంది. యాంప్‌లలో ఎక్కువగా కనిపించే రకాలు రెండు. క్లాస్ డి యాంప్ సామర్థ్యం సుమారు 80 శాతం, క్లాస్ ఏబీది సుమారు 60 శాతం. అంటే డి రకం 375 వాట్లు, ఏబీ రకం 500 వాట్లు లాగుతాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఉండే 14 వోల్టులతో భాగిస్తే మొదటిదానికి సుమారు 27 ఆంపియర్లు, రెండోదానికి సుమారు 36. ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో మామూలుగా దాని మీదే రాసి ఉంటుంది. లైట్లు, ఏసీ, వైపర్లు అన్నీ దాని మీదే బతకాలి కాబట్టి కొంత మిగులు ఉండేలా చూసుకోండి.

ఇంకో లెక్క ఓమ్స్‌ది, అంటే స్పీకర్ కరెంటుకు ఎంత అడ్డు ఇస్తుందన్నది. ఓమ్స్ తగ్గే కొద్దీ యాంప్ మీద భారం పెరుగుతుంది. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు, వరసగా కలిపితే 8. బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో ఛానెల్‌కి కనిపించేది స్పీకర్ ఓమ్స్‌లో సగమే. 4 ఓమ్‌ల సబ్ ఊఫర్ బ్రిడ్జ్ మీద పెడితే ఒక్కో ఛానెల్ 2 ఓమ్‌ల భారం మోస్తుంది. నాలుగు ఛానెళ్ల యాంప్‌లు చాలావరకు బ్రిడ్జ్‌లో 4 ఓమ్‌ల కంటే కిందికి తట్టుకోవు. రెండు సబ్‌లు సమాంతరంగా కలిపి బ్రిడ్జ్‌కి తగిలిస్తే ఒకటి రెండు పాటల్లోనే యాంప్ తనను కాపాడుకోవడానికి ఆగిపోయి ఎర్ర లైటు వెలుగుతుంది. మాన్యువల్‌లో ఈ ఒక్క అంకె వెతికి చూసుకున్నాకే కొనండి.

వైరు దగ్గర పిసినారితనం వద్దు

గేజ్ అంకె తగ్గే కొద్దీ వైరు లావవుతుంది. 8 గేజ్ కంటే 4 గేజ్ బాగా లావు. మన 36 ఆంపియర్లు, బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు అనుకోండి. 8 గేజ్ రాగి వైరులో దారిలోనే సుమారు 0.37 వోల్టులు పోతాయి. 4 గేజ్‌లో పోయేది సుమారు 0.15. నేనైతే 4 గేజే వేస్తాను. రేపు పెద్ద యాంప్ పెట్టినా కార్పెట్ మళ్లీ పీకే పని ఉండదు.

వైరు లావుగా కనిపించినంత మాత్రాన సరిపోదు. చౌక కిట్లలో వచ్చేది చాలావరకు సీసీఏ వైరు. లోపల అల్యూమినియం, పైన రాగి పూత. అదే మందం ఉన్న రాగి వైరుతో పోలిస్తే దాని నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు. తేల్చుకోవడం తేలికే. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. గీకిన కొద్దీ ఎర్రగానే ఉంటే రాగి. పైన ఎరుపు పోయి లోపల తెల్లగా తేలితే సీసీఏ. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే కంగారు పడకండి, అది తగరం పూత పూసిన రాగి, మంచిదే. సీసీఏ తప్ప దొరక్కపోతే ఒక సైజు లావు వైరు వేయండి.

యాంప్ ఎక్కడ పెట్టాలి

సీటు కిందైనా, డిక్కీలో పక్క గోడకైనా, వెనక సీటు వీపుకైనా పెట్టుకోవచ్చు. చుట్టూ రెండు మూడు అంగుళాలు గాలి ఆడాలి. తలకిందులుగా బిగించకండి, వేడి పైకి పోయే దారి మూసుకుపోతుంది. సబ్ ఊఫర్ పెట్టె మీద అసలే వద్దు. ఆ అదురుకి లోపలి టంకం అతుకులు వదులైపోవచ్చు. సీటు కింద పెడితే సీటును ముందుకూ వెనక్కూ పూర్తిగా జరిపి చూడండి, నీళ్ల బాటిల్ ఒలికితే తడి ఎటు పోతుందో కూడా ఆలోచించండి.

స్క్రూ దించే ముందు ఆ రేకు వెనక ఏముందో కారు కిందికి వంగి చూడాల్సిందే. పెట్రోల్ ట్యాంకు, పెట్రోల్ పైపు, బ్రేకు పైపు, వైర్ల కట్ట ఇవన్నీ ఆ పరిసరాల్లోనే ఉంటాయి. కుదిరితే రేకుకి బెజ్జం పెట్టకుండా ప్లైవుడ్ చెక్క ఒకటి కోసి, యాంప్‌ని దానికి బిగించి, ఆ చెక్కను ఉన్న బోల్టులతో నిలబెట్టుకోవడం మేలు.

బ్యాటరీ ఊడదీయకుండా వైరు ముట్టుకోవద్దు

తాళం తీసేసి, నెగటివ్ టెర్మినల్ ముందు ఊడదీయండి. పాజిటివ్ ముందు తీస్తూ పానా పొరపాటున బాడీకి తగిలితే ఒక్కసారిగా నిప్పులు చిమ్ముతాయి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీశాక కోడ్ అడుగుతాయి, అది దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి. తర్వాత కాసేపు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌లో మిగిలిన చార్జ్ దిగిపోవాలి. ఎంతసేపన్నది కారు మాన్యువల్‌లో ఉంటుంది. సీటు కిందా, పిల్లర్ల కవర్ల వెనకా పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు ఉంటాయి. వాటిలో ఉండేది ప్రాణాలు తీసే వోల్టేజ్. ఆ కార్లలో ఈ పని తెలిసిన మెకానిక్‌తోనే చేయించుకోండి.

పాజిటివ్ వైరు, ఫ్యూజ్

మొత్తం పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. బానెట్ లోంచి క్యాబిన్‌లోకి వైరు రావాలంటే మధ్యలో ఫైర్‌వాల్ అనే రేకు గోడ ఉంటుంది. కొత్త బెజ్జం కొట్టే ముందు ఉన్నవి వెతకండి. కారు వైర్లు లోపలికొచ్చే చోట బెజ్జం అంచుకి గ్రోమెట్ అనే పెద్ద రబ్బరు తొడుగు ఉంటుంది. దాని అంచున మొన ఉన్న కంబితో చిన్న రంధ్రం చేసి, ఆ కంబికి మన వైరు కొసను టేపుతో చుట్టి, కొంచెం సబ్బు నీళ్లు రాసి లాగితే జారి వచ్చేస్తుంది. తర్వాత సిలికాన్ పూసి మూసేయండి. రేకులో బెజ్జం పెట్టక తప్పకపోతే గ్రోమెట్ లేకుండా వైరు దూర్చకండి. కోసిన రేకు అంచు బ్లేడు లాంటిది. బండి అదురుకి వైరు రోజూ ఆ అంచు మీద ఒక్క వెంట్రుక వాసి రాసుకున్నా, ఏదో ఒకరోజు ప్లాస్టిక్ తొడుగు తెగి రాగి రేకుకి తగులుతుంది.

అలా తగిలిన రోజున మిమ్మల్ని కాపాడేది ఫ్యూజ్. కారు బ్యాటరీ అలాంటప్పుడు వందల ఆంపియర్లు వదులుతుంది, ఫ్యూజ్ లేకపోతే వైరు మొత్తం ఎర్రగా కాలి కార్పెట్ అంటుకుంటుంది. ఫ్యూజ్ యాంప్‌ని కాపాడటానికి అని చాలామంది అనుకుంటారు. యాంప్‌కి దాని ఫ్యూజ్ దానిలోనే ఉంది. బానెట్ కింద పెట్టేది వైరు కోసం. అందుకే అది బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఫ్యూజ్‌కీ బ్యాటరీకీ మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా లేదు, అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. విలువ కోసం యాంప్ మీద ఉన్న ఫ్యూజ్‌ల మొత్తం చూడండి. 20 ఆంపియర్లవి రెండు ఉంటే 40 పెట్టండి. వైరు మోయగలిగినదాని కంటే పెద్ద ఫ్యూజ్ ఎప్పుడూ వద్దు. అన్ని కనెక్షన్లూ అయ్యేదాకా ఫ్యూజ్ హోల్డర్‌లో పెట్టకుండా జేబులో వేసుకోండి.

క్యాబిన్‌లోకి వచ్చాక వైరును పెడల్స్‌కీ స్టీరింగ్ రాడ్‌కీ దూరంగా తిప్పి, గుమ్మం దగ్గరి ప్లాస్టిక్ పట్టీ కింద కారు సొంత వైర్లు పోయే కాలువలో పరచండి. సీటు పట్టాల కింద నలిగే చోటు లేకుండా చూడండి. ప్రతి అడుగుకీ ఒక ట్యాగ్ వేసి కదలకుండా కట్టండి. కొసలకు థింబుల్ (బోల్టు దూరే కన్నం ఉన్న లోహపు కొస) వేసి, పనిముట్టుతో గట్టిగా నొక్కి క్రింప్ చేసి, పైన వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. క్రింప్ చేశాక చేత్తో బలంగా లాగి చూడండి. జారితే మళ్లీ చేయండి.

గ్రౌండ్: నాకు రెండు వారాలు నేర్పిన పాఠం

గ్రౌండ్ అంటే యాంప్ నెగటివ్‌ని కారు బాడీకి కలిపే నల్ల వైరు. నేను మొదటిసారి బిగించినప్పుడు వెనక సీటు కింద అప్పటికే ఉన్న ఒక బోల్టు విప్పి, నల్ల వైరు థింబుల్ దాని కింద పెట్టి బిగించేశాను. పాట మెల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. సౌండ్ పెంచి బేస్ దెబ్బ పడగానే యాంప్ ఆగిపోయి, రెండు సెకన్లకు మళ్లీ వచ్చేది. యాంప్ లోపమే అనుకుని రెండు వారాలు దాని వెంట పడ్డాను. చివరికి మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు నిలకడగా ఉంది, యాంప్ టెర్మినళ్ల దగ్గర మాత్రం ప్రతి బేస్ దెబ్బకీ 10కి పడిపోతోంది. బోల్టు విప్పి చూశాను. థింబుల్ కింద గుండ్రంగా పెయింట్ అలాగే ఉంది. కరెంటంతా బోల్టు మరల అంచుల్లోంచి మాత్రమే పోతోంది. అరచేతిలో సగం మేర పెయింట్ గీకేసి మళ్లీ బిగించాక ఆ యాంప్ ఒక్కసారి కూడా ఆగలేదు.

కాబట్టి గ్రౌండ్ ఇలా వేయండి. యాంప్ నుంచి 45 సెంటీమీటర్ల లోపల, కారు బాడీలో భాగమైన మందపాటి రేకు ఎంచుకోండి. సన్నటి అతుకు రేకులు, ప్లాస్టిక్ మీద నిలిచిన బ్రాకెట్లు పనికిరావు. సీటు బెల్టు బోల్టులు ముట్టుకోకండి, అవి ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచాల్సినవి. థింబుల్ కంటే కొంచెం వెడల్పుగా పెయింట్, దాని కింది ప్రైమర్ రెండూ ఎమరీ పేపర్‌తో రుద్దండి. బూడిద రంగు పొర పోయి, వేలు పెడితే చల్లగా తగిలే మెరుపు రేకు కనిపించాలి. పళ్ల వాషర్ వేసి, బోల్టుతో గట్టిగా బిగించి, పైన మళ్లీ పెయింట్ గానీ గ్రీజు గానీ పూయండి, తుప్పు పట్టదు. గ్రౌండ్ వైరు గేజ్ పాజిటివ్ వైరు గేజే ఉండాలి. వెళ్లిన కరెంటంతా తిరిగి రావాల్సింది దీని గుండానే.

ఇంకో సంగతి. ఈమధ్య కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. గ్రౌండ్ నేరుగా ఆ టెర్మినల్‌కి తగిలిస్తే సెన్సర్ లెక్క తప్పుతుంది. బాడీకే వేయండి.

రిమోట్, సిగ్నల్, స్పీకర్ వైర్లు

విడిగా కొన్న స్టీరియో అయితే వెనక నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు ఉంటుంది, అదే రిమోట్ వైరు. స్టీరియో ఆన్ అయినప్పుడు దానిలో 12 వోల్టులు వస్తాయి, యాంప్‌ని లేపేది అదే. దాన్ని తీసుకెళ్లి ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకి కలిపితే యాంప్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, పొద్దున బండి స్టార్ట్ కాదు. కారుతో వచ్చిన స్టీరియోలో ఆ వైరు లేకపోతే, తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజ్ నుంచి చిన్న ఫ్యూజ్‌తో తీసుకోండి.

స్టీరియో నుంచి యాంప్‌కి పాట సిగ్నల్ మోసే ఆర్‌సీఏ కేబుల్ కారుకి ఒక పక్క, పాజిటివ్ వైరు రెండో పక్క నడవాలి. కలిపి వేస్తే ఇంజిన్ గోల పాటలోకి వస్తుంది. రెండూ ఎక్కడైనా దాటుకోక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి. స్టీరియోకి ఆర్‌సీఏ లేకపోతే స్పీకర్ వైర్లనే నేరుగా తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ కొనండి, లేదా స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏకి మార్చే లైన్ అవుట్ కన్వర్టర్ మధ్యలో పెట్టండి.

విడి స్టీరియోల్లో స్పీకర్ వైర్ల రంగులు దాదాపు ఒకటే: ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. నల్ల గీత ఉన్నది నెగటివ్. కారు సొంత వైరింగ్‌లో రంగులు కంపెనీని బట్టి మారతాయి. అనుమానం ఉంటే వైర్లు దేనికీ కలపకుండా ఉన్నప్పుడు 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ కోన్ బయటికి వస్తే సెల్ పాజిటివ్ తగిలినదే పాజిటివ్. ఒక స్పీకర్ తిరగబడి ఉంటే బేస్ మాయమవుతుంది, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియదు.

మొదటిసారి ఆన్ చేయడం

గెయిన్ అన్నీ కనిష్ఠంలో, బేస్ బూస్ట్ సున్నాలో పెట్టండి. ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకుండా టార్చ్ వేసి చూడండి. బ్యాటరీ నెగటివ్ బిగించి, ఆఖరున ఫ్యూజ్ పెట్టండి. ఫ్యూజ్ పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తే భయం లేదు, యాంప్ లోపలి కెపాసిటర్లు నిండుతున్నాయంతే. స్టీరియో ఆన్ చేయగానే యాంప్ మీద పచ్చ లేదా నీలం లైటు రావాలి.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

గెయిన్ తిప్పితే సౌండ్ పెరుగుతుంది కాబట్టి అది ఇంకో వాల్యూమ్ బటన్ అనిపిస్తుంది. దాని పని వేరు. స్టీరియో పంపే సిగ్నల్ ఎంత పెద్దదో యాంప్‌కి చెప్పడానికి అది ఉంది. మోతాదు మించితే తరంగం కొసలు కోసేసినట్టు చదునైపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. ఆ వేడికి స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. చాలా స్పీకర్లు పోయేది ఇలాగే.

మల్టీమీటర్‌తో ఇలా సెట్ చేయండి. యాంప్ నుంచి స్పీకర్ వైర్లు తీసేయండి. స్టీరియోలో ఈక్వలైజర్ మొత్తం సున్నా, యాంప్‌లో ఫిల్టర్లు ఆఫ్. 0 డెసిబెల్ స్థాయిలో రికార్డు చేసిన 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్టీరియో వాల్యూమ్ మూడొంతులకు పెంచండి. మీటర్‌ని ఏసీ వోల్టుల మీద ఉంచి యాంప్ మీది స్పీకర్ టెర్మినళ్ల మధ్య కొలవండి. రావాల్సిన అంకె ఎంతంటే, వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 60 వాట్లు, 4 ఓమ్‌లకు 15.5 వోల్టులు. సబ్‌కి 180 వాట్లు, 4 ఓమ్‌లకు 26.8. ఆ అంకె వచ్చేదాకా గెయిన్ మెల్లగా పెంచి ఆపేయండి. తలుపు స్పీకర్లకు 1000 హెర్ట్జ్ టోన్ వాడమని చెబుతుంటారు, కానీ చౌక మీటర్లు అంత ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగా చూపవు. ఫిల్టర్ ఆఫ్‌లో ఉన్నంతవరకు 50 హెర్ట్జ్‌తోనే కొలవండి. స్పీకర్ ఆర్‌ఎంఎస్ యాంప్ కంటే తక్కువైతే లెక్కలో స్పీకర్ అంకె వేసుకోండి.

అయ్యాక వాల్యూమ్ దించి, స్పీకర్లు కలిపి, ఫిల్టర్లు పెట్టండి. సబ్‌కి ఎల్‌పీఎఫ్ (కింది స్వరాలనే పోనిచ్చే ఫిల్టర్) 80 హెర్ట్జ్, తలుపు స్పీకర్లకు హెచ్‌పీఎఫ్ (పై స్వరాలనే పోనిచ్చేది) కూడా 80తో మొదలుపెట్టి చెవికి నచ్చినట్టు కొంచెం అటూ ఇటూ జరపండి. బేస్ బూస్ట్ సున్నాలోనే వదిలేయండి. అది పెంచితే ఇప్పుడు పడ్డ కష్టమంతా వృథా అవుతుంది.

తేడా వస్తే

ఇంజిన్ రేజ్ చేసిన కొద్దీ కీచుమని గొంతు పెంచే శబ్దం వస్తే అది ఆల్టర్నేటర్ గోల. నూటికి ఎక్కువసార్లు తప్పు గ్రౌండ్‌లోనే ఉంటుంది. ఆర్‌సీఏ పీకేస్తే శబ్దం పోయిందా, అయితే కేబుల్ నడిచిన దారినీ స్టీరియో గ్రౌండ్‌నూ చూడండి.

ఎర్ర లైటు వెలిగితే స్పీకర్ వైర్లు మొత్తం తీసి ఆన్ చేయండి. లైటు పోతే ఒక్కొక్కటే పెడుతూ రండి, ఎక్కడ తిరిగి వెలిగితే ఆ వైరు బాడీకి తగులుతోంది లేదా ఓమ్స్ తక్కువయ్యాయి. అన్నీ తీసినా పోకపోతే యాంప్ దగ్గర వోల్టేజ్ కొలవండి. ఫ్యూజ్ ఊరికే పోతుంటే పెద్దది పెట్టి సరిపెట్టుకోకండి, వైరు తొడుగు ఎక్కడ తెగి బాడీకి తగులుతోందో వెతకండి.

పాట గట్టిగా మోగుతుండగా మీటర్ ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస యాంప్ పాజిటివ్‌కి పెట్టి డీసీ వోల్టులు చూడండి. అర వోల్టు కంటే తక్కువ ఉండాలి. నెగటివ్ వైపూ అలాగే కొలవండి. ఎక్కువ చూపిస్తే ఆ వైపు ఏదో అతుకు వదులుగా ఉన్నట్టు.

వారం రోజులు తిరిగాక, పాట మోగించిన వెంటనే బానెట్ కింది ఫ్యూజ్ హోల్డర్‌నీ యాంప్ దగ్గరి గ్రౌండ్ బోల్టునీ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే స్టీరియో ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ అతుకు విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించండి.